తెర ముందు తెలుగు మాస్టారు: కష్టపడకుండా కాలం గడిపే చిట్కాలు

తరగతి గదిలోకి గోడంత తెర వచ్చిందని కంగారు పడకండి. అది వచ్చింది మీ గొంతుకు విశ్రాంతి ఇవ్వడానికే.

1. లోపలికి వెళ్లగానే తెర వెలిగించి, పక్కన నిలబడి ఫోటో తీయించుకోండి. పాఠం అయిపోయినట్టే. మండల విద్యాధికారి (ఎంఈవో) గారు వాట్సాప్ గ్రూపులో అడిగేది ఫోటోనే. సంచిలో ఇంకో రెండు చొక్కాలు పెట్టుకెళ్తే వారానికి సరిపడా ఫోటోలు ఒక్క పూటలో అయిపోతాయి.

2. పద్యం మీరు చదవద్దు. కరుణశ్రీ పుష్పవిలాపమా? ఘంటసాల ఎప్పుడో పాడిపెట్టారు. మధ్యలో ప్రకటన వస్తే ఆపకండి, కాలం కలిసొస్తుంది. అప్పజెప్పించుకునే చాదస్తం మానేయండి. వీడియో ఎక్కడికీ పోదు కదా!

3. పుస్తకంలో క్యూఆర్ కోడ్ చూపించి "ఇంటికెళ్లి దీక్ష యాప్‌లో చూసుకోండి" అనండి. ఫోను నాన్నతో పొలానికి పోయిందంటారు పిల్లలు. అది వాళ్ల నాన్న తప్పు.

4. సంధులు ఏఐని అడగండి. 'ఏమంటివి' గుణసంధి అని చెప్పినా బోర్డు మీద ఎక్కించేయండి. ఏ పిల్లో లేచి "ఇత్వసంధి కదా సార్" అంటే, "కంప్యూటర్ కంటే నీకెక్కువ తెలుసా?" అని కూర్చోబెట్టండి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు ఒకే చోట ఊరికే వెతుక్కోవచ్చన్న సంగతి మాత్రం పొరపాటున కూడా నోరు జారకండి. పిల్లలు సరిచూసుకోవడం మొదలుపెడితే మనకు రోజూ గండమే.

5. ఇది అన్నిటికంటే మేలైన చిట్కా. ప్రశ్నపత్రం అను ఫాంట్‌లో కొట్టించి, పీడీఎఫ్ చేయకుండా ఫైలు అలాగే పంపండి. పరీక్ష పొద్దున అవతలి కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. హెడ్‌మాస్టారు ఫోన్ చేస్తారు. "మీ దగ్గర ఫాంట్ లేదండీ" అనండి, తాపీగా. పరీక్ష సోమవారానికి పోతుంది, తప్పు ఆయన కంప్యూటర్ది అవుతుంది. యూనికోడ్ జోలికి వెళ్లారో, ఎక్కడైనా తెరుచుకుంటుంది. ఇక సాకేదీ?

6. వ్యాసాలు ఫోనుకు చెప్పించి టైపు చేయించండి. ఒత్తులు, దీర్ఘాలు అది పెట్టినన్నే. దిద్దడం ఉండదు, ఎర్ర సిరా ఖర్చూ మిగులు. పదో తరగతి పరీక్ష ఇంకా పెన్నుతోనే రాయాలంటారా? అది మార్చి సంగతి. ఈలోగా డిప్యుటేషన్‌కి అర్జీ పెట్టుకోండి.