అరువదినాలుగేండ్ల పసికందు

2024 ఫిబ్రవరి 1వ తేదీ గురువారముతో తెలంగాణమందలి 12,700 పైచిలుకు గ్రామపంచాయతీల పాలకవర్గములకు గడువు తీరినదనియు, మరునాటినుండి ఆ గ్రామములన్నియు ప్రత్యేకాధికారుల చేతిలో నుండుననియు వెలువడిన ఉత్తరువును పాఠకులు చదివియే యుందురు. తహసీల్దారులు, ఎంపీడీవోలు, వ్యవసాయాధికారులు, ఇంజనీర్లు, మండలములో కుర్చీయున్న వారికెల్ల తలకిన్ని యూళ్ళు చొప్పున పంపకము జరిగినది. ఇది ప్రజాస్వామ్యమునకు ఘోరాపచారమని కొందరు ఆక్రోశించిరి. మొదటిరోజున నేనును ఆక్రోశించితిని. రెండవరోజున కాఫీ త్రాగుచు ఆ ఉత్తరువును తాపీగా మరల చదువగా నా యజ్ఞానము తొలగినది. గ్రామమును మనమొక పెద్దమనిషిగా భావించుచుండుటయే ఈ యపార్థమున కంతకును మూలము. ప్రభుత్వము దృష్టిలో గ్రామము పాలు మానని పసిబిడ్డ. అది పంపినది అధికారిని గాదు, దాదిని.

బిడ్డ జాతకచక్రము నా యొద్ద నున్నది. 1957లో బల్వంతరాయ్ మెహతాగారి సంఘము పుట్టబోవు సంతానమునకు లక్షణములు నిర్ణయింపగా, 1959 అక్టోబరు 2న రాజస్థానములోని నాగౌరునందు తొలిబిడ్డయు, అదే నెలలో మన అప్పటి పాలమూరు జిల్లా షాద్‌నగరమున మలిబిడ్డయు కలిగినవి. రెండు పురుళ్ళకును నెహ్రూగారు స్వయముగా విచ్చేసి అక్షతలు వేసిరి. ఆ లెక్కను ఈ ఉత్తరువు నాటికి మన బిడ్డకు అరువదినాలుగేండ్లు నిండినవి. పరుల యిండ్లలో ఈ యీడువారు మనుమల నెత్తుకొని పింఛను కాగితములు వెదకికొనుచుండగా, మనవానికి ఊడవలసిన వయస్సు వచ్చినను పాలపండ్లైనను మొలవలేదట. ఉయ్యాల త్రాడు పట్టుకొని లేచి నిలుచుండబోయినప్పుడెల్ల సంరక్షకులు పరుగున వచ్చి, పడిపోదువు నాయనా యని మరల పరుండబెట్టుచున్నారు. 2011 ఆగస్టులో పరుండబెట్టినవారు 2013 జూలై దాక లేపలేదు. 2018 ఆగస్టులో మరల జోకొట్టగా తెలంగాణములో ఆరు నెలలును, ఆంధ్రప్రదేశమున రెండున్నరేండ్లకు పైగాను బిడ్డ గాఢనిద్ర పోయినది. కృష్ణానీటిలో ఒక్క చుక్కకై తగవులాడుకొను రెండు రాష్ట్రములకును ఉయ్యాల విషయమున మాత్రము ఎంత యేకాభిప్రాయము! పార్టీలు మారినవి, జెండాల రంగులు మారినవి, లాలిపాట మారలేదు.

1993 ఏప్రిల్ 24న, అనగా బిడ్డకు ముప్పదినాలుగవ యేట, 73వ రాజ్యాంగసవరణ మను ఉపనయనము మహావైభవముగా జరిగినది. ఆనాడు పదునొకండవ షెడ్యూలు పేర ఇరువదితొమ్మిది కానుకలు చదివించిరి. వ్యవసాయము, చిన్ననీటి వనరులు, త్రాగునీరు, రోడ్లు, బడులు, ఆరోగ్యము, సంతలు, ఏది లేదని? అవి యిప్పటికిని పదిలముగా నున్నవి. ఉయ్యాలపైన వ్రేలాడుచున్న రంగురంగుల చిలుకలవే. బిడ్డ వెల్లకిల పరుండి వానిని చూచుచు, కాళ్ళుచేతులాడించుచు, కేరింతలు కొట్టవచ్చును, అందుకొనరాదు. త్రాడు ఎంత పొడవుండవలెనో నిర్ణయించు భారమును 243-జీ అధికరణము రాష్ట్రశాసనసభలకు వదలినది. అధికారములను ‘ఈయవలెను’ అనక ‘ఈయవచ్చును’ అని వ్రాసిన మహానుభావుడెవ్వరో గాని బిడ్డలను పెంచుటలో ఆరితేరినవాడు.

తెలంగాణమున 2018 నాటి చట్టము ఈ పెంపకమును శాస్త్రస్థాయికి గొనిపోయినది. చెక్కుపై సర్పంచియు ఉపసర్పంచియు ఇరువురును సంతకము చేయవలెను. అనగా ఒక పాలసీసాను ఇద్దరు బిడ్డలు పట్టుకొని, ఒకడు త్రాగునప్పుడు రెండవవాడు విడువకుండవలెను. నాటిన మొక్కలలో నూటికి ఎనుబదియైదు బ్రతుకవలెను. వానదేవునిపై గాని ఊరి మేకలపై గాని బిడ్డ కధికారము లేకున్నను, మొక్క యెండినచో దోషము బిడ్డదే. మారాము చేయకమునుపే ట్రాక్టరు బొమ్మ కొనిపెట్టిరి. కిస్తులు మాత్రము బిడ్డ ముంతలోనుండి పోయినవి. ముంత యనగా జ్ఞప్తికి వచ్చినది: పొరుగు రాష్ట్రమున ఆర్థికసంఘపు తాతగారు మనుమని ముంతలో వేసిన రూకలను, మనుమనికి తెలియకయే, పెద్దలే కరెంటు బకాయిల క్రింద జమకట్టుకొనగా సర్పంచులు వీథికెక్కవలసివచ్చెను. ఇక్కడనో, ఎన్నికైన బిడ్డ చేతికే గాని దాది చేతికి రూకలీయనని 15వ ఆర్థికసంఘపు తాతగారి షరతు. దాది వచ్చినది గనుక ముంత యెండుట ఖాయమైనది.

పాపము, దాదిని తప్పుపట్టుటకును లేదు. ఆమెకు సొంతకొలువొకటి యుండనే యుండెను. దానిపైన ఇన్ని యుయ్యాలలు. ఒక యూరిలో మంచినీటి మోటారు కాలి బిడ్డ గ్రుక్కపట్టి యేడ్చువేళకు దాది వేరొక యూరిలో కుక్కల బెడదపై నివేదిక వ్రాయుచుండెను. శాసనసభ కిట్టి యవస్థ లేదు. అది పుట్టుకతోనే మేజరు. దాని గడువు తీరకమునుపే 2023 నవంబరు 30న పోలింగు ముగిసి, డిసెంబరులో ప్రమాణస్వీకారములును ముగిసినవి.

ఇంతవరకు వ్రాసి కలము మూయబోవుచుండగా, మా ప్రాంతపు సర్పంచి యొకడు, కాదు, మాజీ సర్పంచి, వాకిట వచ్చి కూర్చుండెను. వైకుంఠధామము పేర శ్మశానము కట్టుమని, డంపింగుయార్డు కట్టుమని, పల్లెప్రకృతివనము పెంచుమని, ఆలస్యమైనచో సస్పెండు చేయుదుమని పైనుండి తాకీదులు రాగా, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, చాలక భార్య మెడలోని పుస్తెలతాడు కుదువబెట్టి కట్టించినవాడు. బిల్లు రాలేదు. అది పాతప్రభుత్వము నాటి బాకీ యని క్రొత్తవారనిరి. అప్పిచ్చినవానికి పాత, క్రొత్త యను భేదము లేదు.

“సారూ, పదవి పోయిందని నాకు రంది లేదు. పీనుగులకు నీడ కట్టిచ్చిన. నేను పీనుగైయ్యే లోపల దాని బిల్లు వస్తదా, గది చెప్పండ్రి” అనెను.

దీనికి వ్యంగ్యముగా బదులు చెప్పుట నా చేత గాలేదు. మైనరు వ్రాసిన పత్రము చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమును అన్వయించి న్యాయస్థానములు చెప్పియున్నవి. ఊరి సొమ్ము ముట్టుటకు మైనరైనవాడు ఊరి యప్పు మోయుటకు మేజరెట్లయ్యెను? ప్రభుత్వమువారా, పని చేయించుకొనునప్పుడు నీవు ప్రజాప్రతినిధివంటిరి, బిల్లడిగినప్పుడు గడువు తీరినవాడవంటిరి. గడువు తీరకమునుపే ఎన్నిక ముగియవలెనని 243-ఈ అధికరణము శాసించుచున్నది. ఆ గడువు 2024 ఫిబ్రవరి 1 యని అయిదేండ్ల ముందునుండియే మీకు తెలియును. తెలిసియు సకాలమున జరుపలేదు. అప్పులబాధతో ప్రాణములు తీసికొన్న సర్పంచుల వార్తలను జిల్లాపుటలలో మేము చదివితిమి, మీరును చదివితిరి. ఇది సంరక్షణ కాదు, దోపిడి. ఎన్నికల తేదీని అప్పుడే ప్రకటింపవలసియుండెను. అంతకుముందే ఆ బిల్లులు చెల్లింపవలసియుండెను.

అతడు సోమవారము మరల సబ్‌ట్రెజరీ (ఎస్టీవో) ఆఫీసునకు పోవునట. బస్సుచార్జీ నా యొద్ద బదులు తీసికొనెను.