జారిపోయిన చేపకు సాక్షులు

పేకాటరాయుడు గెలిచిన ఆటలు చెప్తాడు. గాలంరాయుడు ఓడినవి చెప్తాడు. ఈ ఒక్క తేడా వల్లే మొదటివాడి కబుర్లు పది నిమిషాల్లో విసుగు పుట్టిస్తాయి, రెండోవాడి కబుర్లకు మా అపార్టుమెంటు సెల్లారులో ఆదివారం రాత్రి కుర్చీలు చాలవు. పట్టిన చేప గురించి చెప్పడానికేముంది? కాటాలో వేస్తే కథ అక్కడితో సరి. జారిపోయిన చేపకు కాటా లేదు, కొలబద్ద లేదు. పైగా అది నీళ్ళలో ఇంకా బతికే ఉంది. మూడేళ్ళ కిందట సింగూరులో నాలుగు కిలోలున్న వాలుగ పోయిన దసరా నాటికి తొమ్మిదైంది. ఇదేమిటని ఎవరో అడిగితే, “ఏం, మూడేళ్ళలో మీ అబ్బాయి పెరగలేదా?” అన్నాడు. ఎదుటివాళ్ళ దగ్గర జవాబు లేదు.

హైదరాబాదులో గాలంరాయుడు లేని కాలనీ ఉందనుకోను. వయసు యాభైకి అటూ ఇటూ. బ్యాంకులో ఉండొచ్చు, కరెంటు ఆఫీసులో ఉండొచ్చు, కంప్యూటర్ల మధ్య ఉండొచ్చు. శనివారం రాత్రి పెళ్ళిళ్ళకు రాడు, వచ్చినా పెరుగన్నం దాకా ఉండడు. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి లిఫ్టులో టోపీతో, టార్చితో, సంచుల్లోంచి పొడుచుకొచ్చిన రాడ్లతో కనిపిస్తే వాచ్‌మన్ కూడా ఇప్పుడు ఉలిక్కిపడటం మానేశాడు. ఎక్కడికని అడిగితే ఒక చెరువు పేరు చెప్తాడు. వెళ్ళేది అక్కడికి కాదు. మంచి చోటు పేరు చెప్పడం ఈ జాతిలో లేదు.

ఇంట్లో అతని ఉనికికి గుర్తు ఫ్రిజ్. పై అరలో పెరుగు గిన్నె పక్కన ఐస్‌క్రీమ్ డబ్బా ఉంటుంది. చుట్టాల పిల్లలు ఆశగా మూత తీస్తారు. లోపల తడి మట్టి, ఆ మట్టిలో వానపాములు. ఒకసారి తీసిన పిల్ల ఆ ఇంట్లో మళ్ళీ ఐస్‌క్రీమ్ అడగదు. రవ్వ కోసమైతే ఎర వేరు. వేయించిన తవుడు, వేరుశనగ చెక్క, గోధుమపిండి, బెల్లం, కాస్త సోంపు, రెండు ఏలకులు. వీటిని అతను కలుపుతున్నప్పుడు వంటింట్లోకి ఎవరూ వెళ్ళకూడదు. “ఇంటికొచ్చిన మనిషికి ఏలకులు లేని చాయే. చేపకు మాత్రం పాకం పడతారు” అంటుంది భార్య. ఆవిడ వ్యాఖ్యలు ఈ వ్యక్తి చరిత్రకు ప్రామాణిక ఆధారాలు. ఒకసారి ఖాళీ చేతులతో రాలేక ముషీరాబాద్ మార్కెట్ మీదుగా ఇంటికొచ్చాడు. ఆవిడ సంచి విప్పి చూసి, “ఏమండీ, ఈ బొచ్చెకు పొలుసు తీసి, పులుసు ముక్కలు కొట్టి, తల విడిగా కట్టి ఇచ్చింది కూడా మొసలేనా?” అని అడిగింది. ఆ తర్వాత అతను ఆ మార్కెట్ వైపు పోలేదు. ఖాళీ చేతులతోనే వస్తున్నాడు, తలెత్తుకుని.

మొసలి పేరు ఆవిడ నోట ఊరికే రాలేదు. గాలంరాయుడి కథల్లో చేప ఎన్నడూ తనంతట తాను తప్పించుకోదు. ముడి సరిగ్గా వేయలేదనో, లాగాల్సినప్పుడు నిద్రపట్టిందనో అతను చెప్పగా విన్నవారు లేరు. ప్రతిసారీ అడవిలోంచో నీళ్ళలోంచో మూడో ప్రాణి ఒకటి వస్తుంది. నేరం దానిది, సాక్ష్యం కూడా దానిదే. పెద్దగా చెప్పుకోనక్కరలేనివి కొన్ని ఉన్నాయి. చెవుల్లో తాడు దూర్చి నీళ్ళలో కట్టి ఉంచిన జెల్లను నీరుకట్టె పాము సగం మింగిన వైనం అలాంటిది. దాన్ని విడిపించబోతే కరిచిందట, విషం లేదు కనుక కథ అక్కడితో పలచబడింది. ఎనిమిది కిలోల బరువుతో లాగి, తీరా ఒడ్డుకొస్తే తాబేలై తేలిన చేప ఇంకొకటి. తాబేలును ఇంటికి తెస్తే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఏమవుతుందో అతనికి సెక్షన్లతో సహా తెలుసు. కొక్కెం జాగ్రత్తగా తీసి వదిలేశాడు. అందుకే ఫొటో లేదు. ఫొటో లేకపోవడానికి చట్టాన్ని సాక్ష్యం తెచ్చుకున్న మనిషిని నేను ఇతన్నొక్కణ్ణే చూశాను.

చట్టం ఇంకోసారి కూడా ఆదుకుంది. సింగూరు ఆనకట్టకు దిగువన మంజీర బ్యారేజీ వైపు పారే నదిని 1978లో అభయారణ్యం చేశారు, ముఖ్యంగా అక్కడి మగ్గర్ మొసళ్ళ కోసం. ఆ నీళ్ళలో గాలం వేయకూడదు. మనవాడు వేయడు కూడా, ఆ విషయంలో నిక్కచ్చి మనిషి. పైన జలాశయం ఒడ్డున, మత్స్య సహకార సంఘం పెద్దకు నమస్కారం పెట్టి, చాయ్ తాగించి, అతను చూపించిన బండ మీదే కూర్చుంటాడు. ఒక వానాకాలం పెద్ద బొచ్చె పడిందట. గంటసేపు పోరాటం. అంతలో ప్రాజెక్టు గేట్లెత్తారు. చేప వరదతో పాటు గేటు దాటి అభయారణ్యంలో పడింది. “ఇంక నేనేం చేస్తాను? అది ప్రభుత్వ రక్షణలోకి పోయింది” అన్నాడు, రాజకీయ ఆశ్రయం పొందిన శత్రువు గురించి మాట్లాడుతున్న గొంతుతో.

అయితే అతని పేరు నిలబెట్టింది నీటికుక్కల కథ. కృష్ణ ఒడ్డున, పొద్దున ఏడింటికి, బెండు ఒక్కసారి మునిగి వాలుగ పట్టింది. (వాలుగ నోరు చూసినవాళ్ళకు తెలుసు, దాని దవడలో ఎన్ని పళ్ళుంటాయో. చూడనివాళ్ళకు అతను తన రెండు అరచేతులతో చూపిస్తాడు.) దాన్ని అలిసిపోనిచ్చి ఒడ్డుకు లాగుతుంటే అవతలి మలుపులోంచి బుడగలు వచ్చాయి. తర్వాత తలలు వచ్చాయి. ఇక్కడ మా మూడో అంతస్తు ప్లీడరు గారు అడ్డుపడ్డారు.

“ఎన్ని తలలు?”

“ఆరు సార్. ఒక్కటే అంటే నేనూ నమ్మను. అవి కుటుంబాలుగా తిరుగుతాయి.”

“ఆరూ ఒకేసారి మీ చేప మీదకే వచ్చాయా?”

“రాలేదు. అడ్డంగా వరస కట్టాయి. ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి ముందుకు జరిగాయి. మధ్యలోవి వెనక ఉండి తోశాయి. చేపలన్నీ ఒడ్డు మూలకు వచ్చేశాయి. మనవాళ్ళు లాగుడువల లాగరా, అట్లా.”

“నదిలో అన్ని చేపలుంటే మీదే ఎందుకు?”

“గాలానికి చిక్కి, అలిసి, ఎటూ పోలేని చేప అదొక్కటే సార్. మీరైతే ఏది పడతారు?”

ప్లీడరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోర్టులో ఆయన అలా చేస్తే కేసు పోయినట్టే అని ఆయన జూనియర్ నాతో అన్నాడు.

నాకు అనుమానం తీరక పుస్తకాలు తిరగేశాను. నీటికుక్కలు కుటుంబాలుగా తిరుగుతాయి, నిజం. వరస కట్టి, కొసలు వంచి, చేపల్ని తోలుకొస్తాయి, అదీ నిజం. పాము కరుస్తుందన్నాడు, కరుస్తుంది. దానికి విషం లేదన్నాడు, లేదు. తెల్లారి మొసలి నోరు తెరుచుకుని ఇసుకలో పడుకుంటే అది ఆకలి కాదు, ఒళ్ళు వేడెక్కకుండా చూసుకోవడమన్నాడు, అదీ సరిగ్గానే ఉంది. నీటికాకి మునిగి లేచి రెక్కలు బార్లా చాపి ఆరబెట్టుకోవడం కూడా అతను చెప్పినట్టే. నాకు తేలిందేమిటంటే, గాలంరాయుడి కథల్లో అబద్ధం చేప ఒక్కటే. అందులోనూ చేప జాతి నిజం, ఎర నిజం, నీళ్ళ లోతు నిజం. తూకం ఒక్కటే కాస్త అటూ ఇటూ. ఆ రెండు మూడు కిలోల కోసం పాపం అతను ఒక నదిని మొత్తంగా నేర్చుకోవాల్సి వచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక చోట కదలకుండా, మాట్లాడకుండా కూర్చునే పని ఈ రోజుల్లో మనుషుల్లో ఇంకెవరికుంది? అడవి ఆఫీసరుకు ఫైళ్ళుంటాయి. ఫొటోలు తీసేవాడు ఫొటో రాగానే లేచిపోతాడు. చేప పడని గాలంవాడు ఒక్కడే పొద్దుగూకేదాకా ఉంటాడు, అంతసేపూ కళ్ళు ఖాళీయే. మా అపార్టుమెంటు పిల్లలు ఇవాళ నీటికాకినీ, నామాలకోడినీ చూడగానే విడివిడిగా గుర్తుపడుతున్నారంటే అది బడి చలవ కాదు, పట్టుబడని చేపల చలవ.

దీనికి సాధికారత కోసం అతను జిమ్ కార్బెట్‌ను కూడా పిలుస్తాడు. 1944లో వచ్చిన ‘మేనీటర్స్ ఆఫ్ కుమావూన్’లో మనుషుల్ని తినే పులుల మధ్య ఒక అధ్యాయం మహసీర్ చేపకు ఇచ్చాడు కార్బెట్. “పులుల్ని కొట్టినవాడు కూడా చివరికి కల కన్నది చేప గురించే” అంటాడు మనవాడు. కార్బెట్ ఆ చేపను ఒడ్డుకు తెచ్చాడన్న సంగతి మాత్రం సాధారణంగా వదిలేస్తాడు.

విచిత్రమేమిటంటే, మా వాళ్ళు తొమ్మిది కిలోల వాలుగను నమ్మారు, నిజం చెప్పిన రోజున నవ్వారు. ఆ రాత్రి అతని దగ్గర జారిపోయిన చేప కూడా లేదు. కొంగలు గూళ్ళు కట్టుకునే రోజుల్లో కొన్ని మొసళ్ళు ముక్కు మీద పుల్లలు పెట్టుకుని, గూళ్ళున్న చెట్ల కింద నీళ్ళలో కదలకుండా పడుకుంటాయనీ, పుల్ల కోసం దిగిన కొంగను పట్టుకుంటాయనీ చెప్పాడు. మద్రాసు క్రొకొడైల్ బ్యాంకులో మగ్గర్లు ఇలా చేయడం గమనించి 2013లో పరిశోధకులు వ్యాసం కూడా ప్రచురించారని చెప్పాడు. “అంటే మొసలి గాలం వేస్తుందా?” అని ప్లీడరు గారు కుర్చీలోంచి పడేంత నవ్వారు. పిల్లలు నవ్వారు. వాచ్‌మన్ కూడా నవ్వాడు. ఇందులో ఒక్క ముక్క కల్పితం లేదు. మనవాడు చిన్నబుచ్చుకుని, “అందులోనూ దానికి పడుతుంది” అని లేచి వెళ్ళిపోయాడు. అతను అసూయపడటం నేను చూసింది అప్పుడే.

పోయిన వానాకాలం అతని చేతిలోంచి జారింది కొర్రమీను. ఏడు కిలోలు. కొర్రమీను అంత పెరగదని నేను చదివానుగానీ అనలేదు. దాని కథ చాలా మర్యాదగల కథ. కొర్రమీను గుడ్లు పొదిగాక పిల్లలు ఎర్రగా గుంపు కట్టి నీటి పైన తిరుగుతుంటాయి, కింద తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి. ఆ గుంపు మీద ఏది పడ్డా పైకి దూకి కొడతాయి. ఇది తెలిసిన గాలంవాళ్ళు కొందరు సరిగ్గా అక్కడే కప్ప బొమ్మ విసురుతారు. మనవాడు అలాంటివాళ్ళతో మాట్లాడడు. ఆ రోజు గాలం పడ్డాక పిల్లల గుంపు కనిపించిందట, తల్లి అని తెలిసి తంగూసును తానే కోసేశాడట. ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. భార్య మాత్రం, “ఏడు కిలోల తల్లి” అని ఊరుకుంది.

తర్వాత కొన్ని వారాలకు అతనితో పాటు నేనూ సింగూరు వెళ్ళాను. మధ్యాహ్నం దాకా బెండు కదల్లేదు. థర్మాకోల్ తెప్ప మీద వల తీసుకుంటూ ఒక మత్స్యకారుడు మా బండ దగ్గరకు వచ్చాడు. తడి గోనె కప్పిన బకెట్లోంచి బతికున్న కొర్రమీనును పైకెత్తాడు. దాని పెదవిలో కొక్కెం, కొక్కేనికి వేలాడుతూ జానెడు పచ్చ తంగూసు.

“సారూ, గిది నీదేనా? మొన్న వలల పడ్డది. గీ పచ్చ తంగూసు ఈడ నువ్వు తప్ప ఇంకెవ్వలు కడ్తరు?”

గాలంరాయుడు వంగి చూశాడు. కొక్కెం తనదే, ముడి తనదే. ముడి చివర కోసినట్టు లేదు, తెగినట్టుంది. నేను నీళ్ళ వైపు చూడటం మర్యాద అనుకుని అటు చూశాను.

“కొక్కెం నాదే. చేప నాది కాదు. ఇది దాని పిల్ల. తల్లిని విడిపించబోయి తగిలించుకుంది.”

“పిల్లే గదా, మరి తీస్కపోతవా? కిలోంబావు ఉంటది. ఆరు నూర్లియ్యి.”

మనవాడు చేపను చేతిలోకి తీసుకుని, బరువు చూసి, మళ్ళీ బకెట్లో వేశాడు.

“కిలోంబావు ఏడుంది? నిండా తొమ్మిది వందల గ్రాములు లేదు. గింత చేపకు కిలోంబావు అంటవా? గిట్ల బరువులు పెంచి చెప్పుడు మంచిగ లేదు తమ్మీ.”