ఇంతకీ థీమేంటండీ?

మా మేనకోడలికి వరుణ్ణి వెతికే పని మాకు పడలేదు. సాండ్రింగ్‌హామ్ రోడ్డులో ఏదో హోటల్లో దోసె తింటూ వాళ్లిద్దరే కుదుర్చుకున్నారు. పెద్దలం కూర్చుని కుదర్చాల్సి వచ్చింది థీమ్‌ని. జాతకాలు కలవడం సులువని అప్పుడు తెలిసింది.

పెళ్లి మౌంట్ ఆల్బర్ట్‌లోనే, ఆల్బర్టన్ తోటలో. ఆక్లండ్‌లో ఉంటున్నవాళ్లకి ఆ ఇల్లు చెప్పక్కర్లేదు. అలన్ కెర్ టేలర్ అనే దొర 1863లో కట్టించిన చెక్క ఇల్లు. మొదట పొలంలో మామూలు ఇల్లే. తర్వాత పెరిగి పెరిగి 18 గదులైంది, వరండాకి మన కోటల్లో ఉండే తరహా బురుజులు మొలిచాయి. ఆయన పుట్టింది ఇండియాలో, అందుకే ఆ సోకు. భార్య సోఫియా ఆడవాళ్లకి ఓటు కావాలని గట్టిగా మాట్లాడిన మనిషి. 1893లో ఈ దేశం ఆ ఓటు ఇచ్చింది కూడా. ఇంటిని చివరిదాకా కనిపెట్టుకుని ఉన్నది పెళ్లి చేసుకోని ముగ్గురు కూతుళ్లు. వాళ్లలో ఆఖరామె 1972లో పోతూ ఇంటిని చారిత్రక స్థలాల ట్రస్టుకి రాసిచ్చింది. ఆ ముగ్గురూ పెళ్లి లేకుండా ఉండిపోయిన చోటే ఇప్పుడు జనం పెళ్లిళ్లు చేసుకుంటున్నారు.

"ఇల్లే ఇండియన్‌గా ఉంది కాబట్టి డెకరేషన్ ఇంకోలా ఉంటే బాగుంటుంది" అంది ప్లానర్ అమ్మాయి. దొరగారు మా థీమ్‌ని పందొమ్మిదో శతాబ్దంలోనే వాడేశాడన్నమాట.

ముందు రస్టిక్ చూపించింది. గడ్డిమోపులు, చెక్క పీపాలు, లాంతర్లు, బల్లల మీద గోనెపట్టాలు. కాకినాడ నుంచి వచ్చిన మా అమ్మ కళ్లజోడు సర్దుకుని ఫొటోలన్నీ చూసింది.

"వియ్యాలవారిని గోనెపట్టా మీద కూర్చోబెడతారుటే?"

"కూర్చోబెట్టరమ్మా, బల్ల మీద పరుస్తారు" అంది అక్క.

"అద్దె ఎంతట?"

అక్క చెప్పింది.

"ఆ డబ్బుకి నిండు బస్తాలే వస్తాయి కదే!"

అమ్మని తప్పు పట్టలేను. హైదరాబాదులో ఏసీ కన్వెన్షన్ హాలు మధ్య పూరిగుడిసె వేసి, ఎడ్లబండి నిలబెట్టి, దానికి పల్లెటూరి థీమ్ అని పేరు పెడుతున్నారు. నిజం పూరింట్లో పుట్టిన తాతగారు అదే హాల్లో కూలర్ పక్కన సీటు వెతుక్కుంటున్నాడు.

తర్వాత బోహో. దీనికి ప్రాణం పాంపాస్ గడ్డి కుచ్చులు. ఇన్‌స్టాగ్రామ్‌లో వాటిని మించిన అందం లేదు, న్యూజిలాండ్‌లో వాటిని మించిన కలుపు లేదు. పెంచకూడదు, అమ్మకూడదు. వాటి బదులు ఈ దేశపు టోయ్‌టోయ్ గడ్డి పెట్టుకోవచ్చంది ప్లానర్. "రెండూ చీపురు కట్టల్లానే ఉన్నాయి" అని అమ్మ ఆ కేసు కొట్టేసింది.

"పోనీ మామిడాకులేనా నేను తెచ్చేదాన్ని" అని కూడా అంది. తెచ్చుంటే చిత్రంగా ఉండేది. ఎయిర్‌పోర్టులో అలాంటివి చెప్పకుండా పట్టుబడితే అక్కడికక్కడే 400 డాలర్లు కట్టించుకుంటారు. చెబితే ఆకులు తీసుకుని నవ్వుతూ పంపిస్తారు. తోరణానికి గుడ్డ ఆకులే గతి. అరటి చెట్లకి మాత్రం ఢోకా లేదు. ఆక్లండ్ పెరళ్లలో అవి బాగానే బతుకుతాయి, రెండు పిలకలిస్తానని పక్కింటి సమోవన్ పెద్దాయన మాటిచ్చాడు.

నేనూ ఒక థీమ్ చెప్పాను: స్వయంవరం. ఊరికే అనలేదు. మౌంట్ ఆల్బర్ట్ అంటే 135 మీటర్ల చల్లారిన అగ్నిపర్వతం. మావోరీలు ఓవైరాకా అంటారు. దాని బిలంలో విలువిద్య క్లబ్బు వాళ్లు నిజంగానే బాణాలు వేస్తుంటారు. పైన మత్స్యయంత్రం ఒకటి తగిలిస్తే చాలు. "మావయ్యా, ఆయనకి కళ్లజోడు తీస్తే నేనే కనపడను, ఇంక చేప కన్నేం కనపడుతుంది?" అంది మేనకోడలు. ప్రతిపాదన వీగిపోయింది.

చివరికి పిల్ల తన మనసులో మాట బయటపెట్టింది. అంతా తెలుపు. తెల్ల పూలు, తెల్ల గుడ్డలు, తెల్ల మండపం. అక్క ముఖం పాలిపోయి ఆ థీమ్‌లో కలిసిపోయింది. ఇండియన్ పెళ్లంటే బంతిపూలూ ఎర్రరంగూ అని కోటి ఆశలతో వచ్చిన ప్లానర్ కూడా నీరుకారిపోయింది. అమ్మ ఒక్కతే తొణకలేదు. "మధుపర్కాలు ఏ రంగే? మల్లెలు ఏ రంగు? నా పెళ్లిలో తెల్లచీరకి ఎర్రంచు, అంతే" అంది. అలా తెలుపు ఖాయమైంది, అంచుకి ఎరుపు.

మాఘమాసం ఇక్కడ నడివేసవి. అయినా ఆక్లండ్ ఆకాశాన్ని నమ్మి ఎవరూ శుభలేఖ అచ్చేయరు. పెళ్లి లైసెన్సు దరఖాస్తులోనే పెళ్లి జరిగే చోటుతో పాటు, వానొస్తే ఎక్కడ అన్నదీ రాసుకోవచ్చు. పంచాంగం చూసిన పంతులుగారు ఆ కాగితం చూసి, సర్కారువాళ్లకి మనకంటే ముందుచూపుందని మెచ్చుకున్నారు. వానకి తెల్ల టెంటు. అదీ థీమ్‌లోకే వచ్చింది.

తలంబ్రాల దగ్గర మళ్లీ చిక్కు. పసుపు కలిపిన బియ్యం పచ్చికలో పడితే ఏరేదెవరు? గోరువంకలున్నాయిగా అన్నాను. 1870లలో వచ్చి స్థిరపడ్డ మనదేశపు పిట్టలు, పిలవకపోయినా వస్తాయి. బియ్యం ఏరే బాధ్యత ఆడపెళ్లివారిదా మగపెళ్లివారిదా అన్నది తేల్చకుండా రెండువైపులవాళ్లూ పెద్దమనుషుల తరహాలో కింద దుప్పటి పరవడానికి ఒప్పుకున్నారు. తెల్ల దుప్పటే.

ఈలోగా శుభలేఖ మీద 'గార్డెన్ ఫార్మల్' అని చూసి, పంచె కట్టొచ్చా నిక్కరే వేసుకోవాలా అని మా బాబాయి కాకినాడ నుంచి ఫోను. పంచె కట్టుకోమన్నాం. అసలు సమస్య కాళ్లది. హైహీల్స్ పచ్చికలో దిగబడతాయి, మండపం దగ్గర ఎలాగూ అందరూ చెప్పులు విప్పాలి, పొద్దుటి పచ్చికేమో తడి. మా అమ్మ ఎక్కడైనా సాక్సులతోనే ఉంటుంది, ముదురు నీలంవి. ఫొటోల్లో అవి పడతాయని ప్లానర్ బెంగ పెట్టుకుంది. నిన్న రాత్రి కొటేషన్ పంపింది: అతిథులందరికీ తెల్ల సాక్సులు, ఎర్ర అంచుతో.