ఆ ఒక్క పేరా

రిటైరయ్యాక మా వదిన పెట్టుకున్న పని చూసి ఇంట్లో అందరూ కాలక్షేపం అనుకున్నారు. తెనాలి దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్పిన మనిషి. అచ్చుతప్పు కంటపడితే అది శుభలేఖ అయినా, కరెంటు బిల్లయినా సరిచేసేదాకా నిద్రపట్టదు.

ఆ స్కూల్లో లైనక్స్ కంప్యూటర్లున్నాయి. పిల్లలు వ్యాసాలు టైపు చేసుకునే ఓపెన్‌సోర్స్ ప్రోగ్రాంకి మెనూలు ఎవరో ఎప్పుడో తెలుగు చేశారు. సహాయం పేజీలు మాత్రం ఇంగ్లీషులోనే ఉండిపోయాయి. ఎఫ్1 నొక్కిన పిల్లలు తెర మీద ఇంగ్లీషు చూసి టక్కున మూసేస్తున్నారని వదిన గమనించింది. "బటన్ తెలుగులో పెట్టి, అదెందుకో ఇంగ్లీషులో చెబితే ఎలా అబ్బాయ్?" అని నన్నడిగింది.

అడిగి ఊరుకోలేదు. నాచేత పోఎడిట్ అనే అనువాద ప్రోగ్రాం వేయించుకుని, పైన ఇంగ్లీషు, కింద తెలుగుగా ఒక్కో పేరా పూర్తిచేస్తూ పోయింది. కరెంటు పోయినప్పుడు, సేవ్ చేయని ఫైలు తిరిగి తెచ్చుకునే పేరా దగ్గర చాలాసేపు ఆగిపోయింది. ముందు "దస్త్ర పునరుద్ధరణ" అని మొదలుపెట్టి, కొట్టేసి, చివరికి ఇలా రాసింది: "కరెంటు పోయిందా? ప్రోగ్రాం మళ్లీ తెరవండి. మీ ఫైలు పేరు కనిపిస్తుంది. 'తిరిగి తెరువు' నొక్కండి." కంగారులో ఉన్న పిల్లవాడికి పొట్టి వాక్యమే ఎక్కుతుందంది. నేను చూసిన సాంకేతిక తెలుగులో అంత శుభ్రమైన పేరాలు అరుదు.

ఈ పనిలో అసలు కష్టం అనువాదం కాదు, మార్పుల వెంట పరుగెత్తడం. లైనక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ కొత్త వెర్షన్లు ఏటా మార్చి, సెప్టెంబరు నెలల్లో వస్తాయి. ఆఫీసు ప్రోగ్రాం లిబ్రేఆఫీస్‌వి ఫిబ్రవరి, ఆగస్టుల్లో. ప్రతిసారీ సహాయం పేజీలు ఎక్కడో ఒకచోట మారతాయి. ఇంగ్లీషు వాక్యం కొద్దిగా మారితే ఈ అనువాదాలను నడిపే గెట్‌టెక్స్ట్ పాత తెలుగును పారేయదు. పక్కన "ఫజీ" అని గుర్తు పెట్టి దాస్తుంది. ఎవరైనా ఒకసారి చూసి సరేననాలని దానర్థం. అలా అనేదాకా ఆ తెలుగు ఎవరికీ కనిపించదు, ఆ చోట ఇంగ్లీషే వస్తుంది. సహాయం పేజీల్లో సాధారణంగా పేరా మొత్తాన్ని ఒకే ముక్కగా తీసుకుంటారు కాబట్టి ఒక కామా మారినా పేరా అంతా పక్కకు పోతుంది. ఆ ఏర్పాటు తప్పని నేననను. మారిన సూచన కింద పాత తెలుగు చూపిస్తే పిల్లవాడు వేరే బటన్ నొక్కి ఉన్న ఫైలు పోగొట్టుకుంటాడు. కానీ ఆ గుర్తు చూసి తీసేసే మనిషంటూ ఉండాలి కదా! జర్మన్, ఫ్రెంచి భాషలకు బృందాలున్నాయి. ఆ ప్రోగ్రాంలో తెలుగుకున్నది వదిన ఒక్కతే.

పని నూటికి నూరు శాతం పూర్తయినట్టు చూపించాక, వదిన కూతురి పురుడుకని డల్లాస్ వెళ్లింది. తిరిగొచ్చేసరికి కొత్త వెర్షన్ విడుదలై, స్కూలు కంప్యూటర్లలోకి వచ్చేసింది. పిల్లలకు చూపిద్దామని నన్ను కూడా తీసుకెళ్లింది. పేజీ తర్వాత పేజీ తెలుగులో తెరుచుకుంటుంటే ఆవిడ ముఖం చూడాలి!

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి చెయ్యెత్తింది. "టీచర్, మొన్న కరెంటు పోయి నా వ్యాసం పోయిందండీ. ఎఫ్1 నొక్కితే అన్నీ తెలుగులోనే ఉన్నాయి గానీ, అది చెప్పే పేరా ఒక్కటీ ఇంగ్లీషులో ఉంది. అర్థంకాక మూసేశానండీ."

వదిన వంగి తెర చూసింది. తను అన్నింటికంటే శ్రద్ధగా రాసిన పేరా అది. "పోయిన వ్యాసం మళ్లీ రాశావా అమ్మా?" అని మాత్రం అడిగింది.

ఆ రాత్రి, ప్రోగ్రాంలో ప్రతి మార్పూ నమోదయ్యే గిట్‌లో ఆ ఇంగ్లీషు పేరా చరిత్ర తీసి చూశాను. బటన్ మారలేదు, పద్ధతి మారలేదు. "రిట్రీవ్" అన్న మాట స్పెల్లింగులో ఐ, ఈ అక్షరాలు తారుమారై ఉంటే సరిచేశారు. వదిన తెలుగులో చుక్క కూడా మార్చాల్సిన అవసరం లేదు. ఫజీ గుర్తు మీద ఒక్క క్లిక్కు చాలు.

దిద్దుబాటు కింద, దాన్ని చేసినవారు ఒక్క ముక్క రాసిపెట్టారు: "స్పెల్లింగ్ సవరణ. ఇన్నేళ్లుగా ఎవరూ గమనించని ఈ తప్పును పట్టి చూపిన మా తెలుగు అనువాదకురాలికి కృతజ్ఞతలు."