మాకూ ఓ బిబ్ నంబర్ ఇప్పించండి

2025 ఆగస్టు సంగతి. ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్ మారథాన్ ఉంది కాబట్టి వాహనదారులు ప్రత్యామ్నాయ మార్గాల్లో వెళ్లాలనీ, సహకరించాలనీ ట్రాఫిక్ పోలీసులు సెలవిచ్చారు. సహకారానికేం లోటు లేదు. ఈ ఊళ్లో పుట్టినవాడు సహకరిస్తూనే పుడతాడు. ఆ ప్రత్యామ్నాయ మార్గం దగ్గరే చిక్కొచ్చి పడింది. ఆ బుధవారమే వినాయక చవితి. మా గల్లీకి ప్రత్యామ్నాయమైన పక్క గల్లీలో మండపానికి గుంజలు పాతేశారు. ఆ గల్లీకి ప్రత్యామ్నాయమైన రోడ్డులోకి డ్రైనేజీ పైపు పేరుతో వానాకాలం మొదట్లో దిగిన జేసీబీ ఇంకా పైకి రాలేదు. దానికి ప్రత్యామ్నాయం మెయిన్ రోడ్డు. ఆదివారం మూసేది దాన్నే. అమ్మానాన్నల చుట్టూ ఓ చుట్టు చుట్టి గణాధిపత్యం కొట్టేసిన పిల్లవాడి పండగ కదా, జనం చేతా ప్రదక్షిణలు చేయించడం ఆచారం కాబోలని సరిపెట్టుకున్నాను.

ఇంతకీ ఈ పరుగులో ఏముందో చూద్దామని వివరాలు చదివాను. చదివేకొద్దీ చిరాకు పోయి అసూయ పట్టుకుంది.

హాఫ్ మారథాన్ అంటే 21 కిలోమీటర్ల 97.5 మీటర్లు. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలుపెట్టి, ఫ్లైఓవర్లు ఎక్కి దిగి, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటి, గచ్చిబౌలి స్టేడియంలో ఆగాలి. ఇలా పరుగెత్తేవాళ్లకు దారి పొడవునా నీళ్లిస్తారు. నీళ్లు చాలవంటే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లిస్తారు. అరటిపండు ఒలిచి చేతిలో పెడతారు. పిక్క పట్టేస్తే స్ప్రే కొట్టేవాళ్లుంటారు, కళ్లు తిరిగితే కుర్చీ వేసేవాళ్లుంటారు, పడిపోతే అంబులెన్సుంటుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొడుతూ ‘శభాష్, ఇంకొంచెమే, ఇంకొంచెమే’ అంటారు. చివర్న మెడలో మెడల్ వేసి ఫొటో తీస్తారు.

ముప్ఫయ్యేళ్లుగా ఈ నగరంలో బతుకుతున్నాను. ఒక్కరు ‘ఇంకొంచెమే’ అన్న పాపాన పోలేదు.

అందుకని ప్రభుత్వానికి ఒక మనవి. చవితి నుంచి దీపావళి దాకా నగరంలో ఉన్న సమస్త జనాన్నీ హాఫ్ మారథాన్ రన్నర్లుగా ప్రకటించండి. ఆధార్ కార్డు చూసి తలా ఓ బిబ్ ఇవ్వండి, అదే, రన్నర్లు ఛాతీకి తగిలించుకునే నంబరు కాగితం. పరుగెలాగూ మేం పెడుతూనే ఉన్నాం, ఆ నంబరు కాగితం ఒక్కటే తక్కువ. ఎల్బీనగర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ ఉద్యోగానికి వెళ్లేవాడు పొద్దున ఒక హాఫ్, సాయంత్రం ఒక హాఫ్ లాగిస్తున్నాడు. వాడికి మెడల్ మాట దేవుడెరుగు, సిగ్నల్ దగ్గర ఆగినందుకు వెనకవాడి హారన్ బహుమతి.

రన్నర్ల భాష కొంత నేర్చుకున్నాను, అమలుకు పనికొస్తుందని. గన్ టైమ్, చిప్ టైమ్ అని రెండు రకాల లెక్కలున్నాయి. తుపాకీ పేలిన క్షణం నుంచి లెక్కేస్తే గన్ టైమ్. వెనక గుంపులో ఇరుక్కుని, ఈదుకుంటూ వచ్చి, తన కాలు గీత దాటినప్పటి నుంచి ఒంటికి కట్టిన చిప్‌తో లెక్కేస్తే చిప్ టైమ్. ఈ పద్ధతి మన అంబులెన్సులకు అచ్చంగా సరిపోతుంది. ఫోన్ చేసినప్పటి నుంచి రోగి లెక్క రోగిది. ఊరేగింపు డీజే బండి పక్కకు జరిగినప్పటి నుంచి డ్రైవర్ లెక్క డ్రైవర్‌ది. రికార్డులో ఏది రాసుకుంటారో చెప్పక్కర్లేదు.

పేసర్లని ఉంటారు. వీపున జెండా కట్టుకుని ఒకే వేగంతో పరుగెత్తుతారు. రెండున్నర గంటల్లో ముగించాలనుకున్నవాడు ఆ జెండా వెనక పడితే చాలు. పేసర్ వెనక పరుగెత్తే గుంపును రన్నర్లు ‘బస్’ అంటారు. చెప్పిన టైముకు చేరే బస్ ఈ నగరంలో ఉందని తెలిసి కళ్లు చెమ్మగిల్లాయి. పండగ ముందు వారం ఊరేగింపు రోడ్డు మీద ఆర్టీసీ డ్రైవర్‌కూ ఒక జెండా కట్టి చూడండి, ‘గమ్యం చేరును, వేళ అడగరాదు’ అని.

పోటీకి ముందు కార్బో లోడింగ్ అని కండరాల్లో పిండి పదార్థం నింపుకుంటారట. ఇందులో మనకు శిక్షణ అక్కర్లేదు. కుడుములు, ఉండ్రాళ్లు, పులిహోర, వీధికో అన్నదానం. తొమ్మిది రోజులపాటు ఇంత శ్రద్ధగా లోడింగ్ చేసే జాతి మరొకటి లేదు. పరుగే తక్కువ. దానికి బిబ్ ఉంది.

బిబ్ లేకుండా పోటీలో దూరి పరుగెత్తేవాణ్ని రన్నర్లు ‘బ్యాండిట్’ అంటారు, అంటే బందిపోటు. ఫీజు కట్టలేదు కాబట్టి ఆ నీళ్ల మీద హక్కు లేదు, ఆ అరటిపండు మీద హక్కు లేదు. పోటీలో అది న్యాయమే. కానీ ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద పిల్లను బడికి నడిపించుకెళ్తున్న తల్లిని మన నగరం చూసే చూపు చూడండి. సరిగ్గా బ్యాండిట్‌ను చూసినట్టే. ఈ రోడ్డు మీద నీకేం పని, ఎవరిచ్చారు నీకు నంబర్? కార్లవాళ్లకు నంబర్ ప్లేటుంది, రన్నర్లకు బిబ్బుంది, ఆమెకే ఏ నంబరూ లేదు. అందుకే మొదటి బిబ్ ఆమెకివ్వాలని నా సిఫారసు. రెండోది అర్ధరాత్రి చీపురు పట్టుకుని రోడ్డెక్కే మున్సిపాలిటీ అక్కకు. మారథాన్ ముగిశాక పేపర్ కప్పులు ఊడ్చేది ఆమే, నిమజ్జనం ముగిశాక చెప్పులూ పూలూ ఊడ్చేదీ ఆమే. ఆ డివైడర్ వెంట ఆమె నడిచే దూరానికి ఎవరూ చిప్ కట్టలేదు.

దేవుళ్లకూ రిజిస్ట్రేషన్ తప్పదు. ఖైరతాబాద్ మహాగణపతి 2025లో 69 అడుగులు. ఆయన్ని చేసేదీ అక్కడే, నిలబెట్టేదీ అక్కడే. నిమజ్జనానికి హుస్సేన్ సాగర్‌కు నాలుగడుగులు వేస్తే చాలు, దాన్ని ఫన్ రన్‌లో వేసుకోవచ్చు. బాలాపూర్ గణపతి సంగతి వేరు. హుస్సేన్ సాగర్ దాకా దాదాపు 20 కిలోమీటర్లు, నికార్సైన హాఫ్. బయల్దేరే ముందు లడ్డూ వేలం కూడా ఉంటుంది. 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు. నేను చదివిన ఏ మారథాన్‌కూ ఇంత ఎంట్రీ ఫీజు లేదు. కట్‌ఆఫ్ టైము విషయంలో మాత్రం స్వామివారికి కొంచెం సడలింపు ఇవ్వక తప్పదు. పైగా ఆయన పాత రికార్డు బాగాలేదు. భూప్రదక్షిణ చెయ్యమంటే అమ్మానాన్నల చుట్టూ తిరిగి గెలిచానన్నాడు. మధ్యలో చిప్ చదివే చాపలున్నట్లయితే ఆ రోజే అనర్హుడయ్యేవాడు, నెమలి మీద లోకమంతా తిరిగొచ్చిన తమ్ముడికి మెడల్ దక్కేది.

పోటీ దూరాన్ని కొలిచే పద్ధతి చూసి మాత్రం నిజంగానే నోరెళ్లబెట్టాను. అంతర్జాతీయ గుర్తింపు కావాలంటే టేపుతోనో కారు మీటరుతోనో కొలిస్తే కుదరదు. సైకిల్ చక్రానికి లెక్క యంత్రం బిగించి, ముందుగా తూచినట్టు సరిచూసుకుని, మలుపుల దగ్గర రోడ్డు అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో తొక్కుకుంటూ పోవాలి. ఎక్కడా దూరం తగ్గకూడదని కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. అంటే ఒక మనిషి ఆ రూటు మొత్తం, ప్రతి మలుపూ, ప్రతి అంచూ, కళ్లతో చూసుకుంటూ వెళ్తాడన్నమాట. ఇంత నిష్ఠగా కొలిచే ఆ దూరం పుట్టుక మాత్రం మనకు బాగా తెలిసిన రకమే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటికి ఎదురుగా ఆపారు. ఆ లెక్క 42.195 కిలోమీటర్లు తేలింది. 1921లో దాన్నే శాశ్వతం చేశారు. అందులో సగమే ఈ హాఫ్. వీఐపీ కోసం రూటు మార్చడం మన సొంత విద్య అనుకుని గర్వపడేవాణ్ని.

రన్నర్ల మీద నాకు కోపం లేదు. షుగర్ తగ్గించుకుందామని ఒకరు, సిగరెట్ మానేశాక ఒకరు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక తన కాళ్లు గుర్తొచ్చి ఒకావిడ, ఇలాంటివాళ్లే అందులో ఎక్కువ. పరుగెత్తనివ్వండి. పండగ కూడా అంతే, చందా వేసినవాణ్నే, ప్రసాదం తిన్నవాణ్నే. పట్టిపట్టి అడిగేది ఒక్క సంగతి. రూటు కొలిచే ఆ సైకిల్ మనిషి గురించే. ఊరేగింపు రూటుకు అలాంటివాడెవడని.

చవితి ముందు వారం విగ్రహాలు తయారయ్యే ధూల్‌పేట వైపు వెళ్లినవాళ్లకు తెలుసు. ట్రాలీ మీద విగ్రహం ఉంటుంది, దానికి పాలిథిన్ కవరు చుట్టి ఉంటుంది. స్వామి భుజం పక్కన పదిహేడో పద్ధెనిమిదో ఏళ్ల కుర్రాడు నిలబడతాడు. చేతిలో వెదురు కర్ర, దాని కొసకు అడ్డంగా కట్టిన చెక్క ముక్క. తీగ అడ్డమొస్తే కిందికి చూసి ‘ఆగన్నా, జర ఆగు’ అని అరుస్తాడు. ఆ అడ్డకర్రతో తీగను లేపి, స్వామి కిరీటం మీంచి వెనక్కి దాటించి, ‘పోనీ’ అంటాడు. మళ్లీ పది గజాలకు ఇంకో తీగ. నల్లగా లావుగా ఉంటే కేబుల్, సన్నగా మెరిస్తే కరెంటు, ఇదీ అతనికున్న ఇంజనీరింగ్. వాన పడితే వెదురు తడుస్తుంది. తడిసిన వెదురులోంచి కరెంటు పారుతుందని ఆ కుర్రాడికి ఎవరూ చెప్పరు. కాళ్లకు హవాయి చెప్పులు. ఈ మహానగరంలో ఊరేగింపు రూటును పరిశీలించే అధికారి అతనొక్కడే.

2025 ఆగస్టు 17 రాత్రి రామంతాపూర్ గోకుల్‌నగర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు. రథాన్ని లాగే బండి మొరాయిస్తే కుర్రాళ్లు చేతులతో నెట్టుకుంటూ వెళ్లారు. రథానికి తీగ తగిలింది. ఐదుగురు చనిపోయారు. రెండు రోజులు తిరక్కముందే బండ్లగూడలో గణపతి విగ్రహాన్ని తరలిస్తుంటే మరో ఇద్దరు. తీగ ఎవరిదన్న దాని మీద వెంటనే చర్చ మొదలైంది. కేబుల్ తీగ అన్నారు కరెంటువాళ్లు. పరిహారం ప్రకటించారు. ఆ తర్వాత నిచ్చెనలు వేసుకుని స్తంభాలెక్కి, ఊరి మీది కేబుళ్లన్నీ కత్తిరించడం మొదలుపెట్టారు. వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. ఇళ్లలో నెట్ ఆగిపోయిందని మనం గగ్గోలు పెట్టాం. ఏడు శవాలకు రాని గగ్గోలు అది. నాతో సహా అని రాయడానికి సిగ్గుగా ఉంది, రాయకపోతే ఇంకా సిగ్గు.

ఆ తీగలు నిన్న మొన్న పుట్టినవి కావు. వేలాడుతున్న ప్రతి కట్టా రోజూ ఆ స్తంభం కింద నుంచే వెళ్లే లైన్‌మన్‌కు తెలుసు, ఏఈకి తెలుసు, కార్పొరేటర్‌కు తెలుసు. స్తంభానికి అద్దె వసూలు చేసేవాడికి మరీ బాగా తెలుసు. ఊరేగింపు ఏ గల్లీలోంచి వెళ్తుందో పర్మిషన్ కాగితం మీదే రాసుంది. అష్టమి ఏ రోజో, చవితి ఏ రోజో క్యాలెండర్‌లో ఏడాది ముందే అచ్చయింది. ఫీజు కట్టి పరుగెత్తేవాడి కాలి కింద అంగుళం తేడా రాకుండా చూడగలిగిన ఊరు, చేతులతో రథం నెట్టేవాడి తల మీద ఏముందో చూడలేదు. చూడలేక కాదు, చూడమని ఎవరూ అడగలేదు. ఆ కుర్రాళ్లకు స్పాన్సర్ లేడు.

కేబుళ్లు తెగ్గోసి ఫుట్‌పాత్ మీద కుప్పలు పోసినంత మాత్రాన పరిశీలన అయిపోదు. విగ్రహానికి తగిలి చంపేది కరెంటు లైను. దాన్ని ఎవరూ కత్తిరించలేరు. ఎత్తు పెంచాలి, లేదా ఊరేగింపు దాటే గంటసేపు సరఫరా ఆపాలి, లేదా ఆ దారిన ఎత్తు విగ్రహం రాకూడదని ముందే చెప్పాలి. ఈ మూడూ అధికారులకు తెలిసిన పనులే. ఖైరతాబాద్ స్వామి సాగర్‌కు వెళ్లే దారిలో ఏటా ఇలాంటి ఏర్పాట్లు చేస్తూనే ఉన్నారు. అక్కడ కెమెరాలుంటాయి కాబట్టి జరుగుతాయి, మౌలాలీలోనో మైలార్‌దేవ్‌పల్లిలోనో గల్లీ గణపతికి జరగవు.

నిమజ్జనం తేదీ ఏటా ముందే తెలుస్తుంది. దానికి రెండు వారాల ముందే ప్రతి డివిజన్‌లో ఊరేగింపు రూటును విద్యుత్ ఇంజనీరు, మున్సిపల్ ఇంజనీరు, స్థానిక ఎస్సై ముగ్గురూ కలిసి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవాలి. తీగ ఎత్తు కొలవాలి. ఏ రూటుకు ఎన్ని అడుగుల విగ్రహం వెళ్లొచ్చో రాసి, కింద ముగ్గురూ పేరూ హోదాతో సంతకాలు పెట్టి, ఆ కాగితాన్ని ప్రతి మండపానికీ అంటించాలి. ఈ పని జరిగిందో లేదో మండపం నిర్వాహకులు ముందుగానే తమ విద్యుత్ సెక్షన్ ఆఫీసుకు వెళ్లి అడగండి. సంతకం లేకపోతే విగ్రహాన్ని కదిలించకండి, ట్రాలీ మీదికి కర్ర పట్టుకుని ఏ పిల్లవాణ్నీ ఎక్కించకండి.