రాతికి దొరికిన కొలువు

నోటుపుస్తకమును, ప్లాస్టిక్ పలకయును బడిపిల్లల సంచులలో చేరిన పిమ్మట మార్కాపురపు పలకల ఫ్యాక్టరీలనేకము మూతపడి, ఏండ్ల తరబడి పనిచేసినవారు వీథిన పడిరి.

దేశమందలి బిడ్డలు ఓనమాలు దిద్దుకొనుటకై నల్లరాతిని చీల్చి, కోసి, నునుపుచేసి, చెక్కచట్రమున బిగించి, యౌవనమంతయు ఆ పనికే ధారవోసిన కార్మికుడు "రేపు రావద్దు" అను రెండు మాటల శాసనముతో ఇంటికి మరలుచుండగా, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టము మాత్రము నెల ముందు నోటీసును, పనిచేసిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల వేతనమును ఈయవలెనని గంభీరముగా పలుకుచునే యుండెను. తీరా చూడగా హాజరుపట్టీలో వాని పేరే లేదు. ఊరూర అక్షరాభ్యాసములు చేయించిన పరిశ్రమకు తన పనివాని పేరు వ్రాసికొనుటకు ఒక్క పలక మిగులలేదు కాబోలు!

అట్లని యాజమాన్యము వట్టిచేతులతో పంపినదనుట అపచారము. ఊపిరితిత్తుల నిండ రాతిధూళిని నింపియే సాగనంపినది. (గ్రాట్యుటీ కన్న ఇది మేలు; జీవితాంతము వెంటనుండును.) ఆ ధూళివలన వచ్చు సిలికోసిస్‌ను ఫ్యాక్టరీల చట్టము తన రోగముల పట్టికలో సగౌరవముగా చేర్చుకొన్నది. రోగముపేరు పట్టికకెక్కినది, రోగిపేరు ఏ పట్టీకిని ఎక్కలేదు. పరిహారమడిగినచో, పనిచేసినట్లు ఆ పనిచేయించినవారిచేతనే వ్రాయించి తెమ్మందురు.

రాయి మాత్రము నిరుద్యోగి కాలేదు. గోడలకును, నేలలకును అలంకారమై ఓడనెక్కి విదేశములకు పోవుచున్నది. దానికి ఎగుమతి పత్రములన్నియు సక్రమముగనే యున్నవట.