ఎర్ర బటన్లు

సదాశివనగర్‌లో ఒక పెద్దాయన మేడగది నిండా పాత కంప్యూటర్లే. రిటైరయినప్పటి నుంచి అవే ఆయన లోకం. అన్నిట్లోకీ ప్రాణం మాత్రం బీబీసీ మైక్రో. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంపెనీ 1981లో బీబీసీ కోసం చేసింది. మెమరీ మొత్తం 32 కిలోబైట్లు. టీవీకి తగిలిస్తే తెర, టేప్ రికార్డర్‌కు తగిలిస్తే ప్రోగ్రాములు దాచుకునే చోటు. ఇవాళ మన ఫోన్లను నడిపే ఏఆర్ఎం చిప్పుల్లో మొట్టమొదటిది 1985 ఏప్రిల్‌లో పనిచేసింది దీనికి తగిలించే! 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం కింద మొదటి విడతలో దాదాపు 250 బడులకు ఇచ్చిందీ ఇదే. బడి పిల్లల చేతికి కంప్యూటర్ అందించాలన్న ఆ ఆలోచన ఎంత గొప్పదో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆయన దగ్గరున్నదీ ఒక బడి నుంచి వేలంలో వచ్చిందే. అడుగున తెల్ల రంగుతో బడి పేరు, స్టాకు నంబరు ఉన్నాయి. పక్కనే టేప్ రికార్డర్, దాని వైరు, సీలు విప్పని క్యాసెట్లు, దుమ్ము పడకుండా కుట్టించిన గుడ్డ కవరు.

నేను చూడబోయిన రోజునే ప్లగ్గుకు ఎర్తింగు సరిచేయడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. యాభై దాటినవాడు. మేం చెప్పులతోనే ఉన్నా, ఆ పెట్టెను చూడగానే తనవి గడప బయట విడిచి వచ్చాడు. పని అయ్యాక పెద్దాయన స్విచ్చి వేశారు. పొగ కక్కే పాత కెపాసిటర్లు ముందే మార్పించారట. రెండు స్వరాల్లో బీప్ మోగి, తెర మీద ‘బీబీసీ కంప్యూటర్ 32కె’ అని వచ్చింది.

“చూడండి, స్పేస్ బార్ మీద వేలు రుద్దుకున్న మెరుపుందా? పైవరసలో పది ఎర్ర బటన్లు, నిన్న డబ్బాలోంచి తీసినట్టున్నయి. నలభై ఏండ్లు దాటిన బడి కంప్యూటరు ఇంత కొత్తగా ఇంకెక్కడా దొరకదు” అన్నారు ఆయన, కళ్లు మెరుస్తుండగా.

ఎలక్ట్రీషియన్ వంగి అడుగున ఉన్న బడి పేరు చదివాడు. మెల్లగా ఒక ఎర్ర బటన్ వైపు వేలు చాపాడు.

“ముట్టకు తమ్మీ, ఖరాబైతది!”

వేలు వెనక్కి తీసుకున్నాడు.

“మెరుపెట్లుంటది సార్? నేను ఈ బడిలనే చదివిన. తొమ్మిదో తరగతిల వారానికొక్కసారి చెప్పులు బయట ఇడిసి, లైను కట్టి లోపలికి పోతుంటిమి. మా సారు కవరు తీసి చూపిచ్చి, మళ్ల కప్పుతుండె. నేను గిట్లనే వేలు పెట్టబోతే, మా సారు గూడ గిదే మాటన్నడు.”